ట్యాంకు కింద కొండ తేనెటీగలు

ఊళ్లో వాటర్ ట్యాంకు అడుగున, ఎత్తయిన మర్రికొమ్మకు, అపార్ట్‌మెంటు సజ్జా కింద నల్లగా వేలాడే పెద్ద తేనెపట్టు కొండ తేనెటీగలది. పెట్టెల్లో పెంపకానికి లొంగని జాతి ఇది. చెట్టు తొర్రల్లో కాపురముండే చిన్న ఈగలు వరసగా అనేక పట్లు పెడితే, ఇవి ఆరుబయట ఒకే ఒక్క పట్టు పెడతాయి. దాని వెడల్పు మీటరు దాటొచ్చు.

మనకు కనిపించే ఆ నలుపు మైనం కాదు, ఈగలే! ఒకదానిమీదొకటి పొరలు పొరలుగా, తల పైకీ పొట్ట కిందికీ పెట్టి పట్టునంతా కప్పేస్తాయి. లోపలి పిల్లపురుగులకు ఎండా వానా తగలకుండా కాచేది ఆ ఒళ్లే. పెద్ద కందిరీగ దగ్గరికొచ్చినప్పుడు చూడాలి వాటి ఐకమత్యం. ఒక మూల కొన్ని ఈగలు చటుక్కున పొట్టలు పైకి లేపి దించుతాయి. పక్కవి అందుకుంటాయి. రెప్పపాటులో ఆ కదలిక అలలా పట్టంతా పాకిపోతుంది. నేపాల్లో ఈ అలల్ని వీడియో తీసి పరిశీలించిన శాస్త్రవేత్తలు, వాటిని చూసి కందిరీగలు వెనక్కి తగ్గడం గమనించారు.

వెన్నెల బాగా ఉంటే రాత్రిళ్లు కూడా ఇవి పూల కోసం తిరుగుతాయి.

పూత అయిపోగానే పట్టు వదిలి వలసపోతాయి. మళ్లీ సీజనుకు అదే చెట్టు మీద పట్టు కనిపిస్తుంది. వచ్చినవి పాతవేనా? అస్సాంలో జన్యుపరీక్షలు చేసి చూస్తే, అదే రాణి తన పాత చోటికే తిరిగొచ్చిన సందర్భాలు బయటపడ్డాయి. ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. కూలి ఈగల ఆయుష్షు కొద్ది వారాలే కాబట్టి ఈ సంగతి మరీ అబ్బురం.

తేనె పట్టంతా ఉండదు. కొమ్మకు ఆనుకుని, పైన ఒక పక్కన ఉబ్బెత్తుగా ఉండే భాగంలోనే ఉంటుంది. కిందంతా పిల్లల గదులు. కాగడాతో ఈగల్ని కాల్చి, పట్టు మొత్తం కోసి పిండితే పిల్లపురుగుల రసం కలిసి తేనె త్వరగా పులుస్తుంది. పైభాగం మాత్రమే కోసుకుంటే పిల్లలు బతుకుతాయి, పూలున్నంతకాలం ఈగలు ఆ చోటును మళ్లీ నింపుతాయి. అడవి తేనె మీద బతికే గిరిజన కుటుంబాలకు రెండో కోత దొరికే దారి ఇదే.

మీ ఇంటి సజ్జాకు పట్టు పెడితే పెట్రోలు పోయకండి, రాళ్లు విసరకండి. ఆ పక్క లైట్లు రాత్రిపూట ఆర్పేయండి, వెలుతురుకు ఇవి ఇంట్లోకి వస్తాయి. ఒకవేళ మీదపడితే చేతులు విసరకుండా పరుగున లోపలికెళ్లి తలుపు వేసుకోండి. ఎక్కువ చోట్ల కుట్టినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.