మనూర్ నుంచి హైదరాబాద్‌కు సైకిల్ మీద: రోజుకు ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి?

మనూర్ నుంచి ఇద్దరు డిగ్రీ తమ్ముళ్లు అడిగారు: "అన్నా, సైకిల్ మీద హైదరాబాద్ పోవాలె, రెండు రోజుల్లో అయితదా?" అయితది. కానీ నేనైతే నాలుగు రోజులు పెట్టుకోమంటా, అది కూడా బీదర్ మీదుగా.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్‌ను రోజుల తరబడి లోడ్ మీద ఉంచి పరీక్షించేవాళ్లం, ఎక్కడ పడిపోతుందో తెలియడానికి. కాళ్లకూ అదే లెక్క. ఒక్క రోజు వంద కిలోమీటర్లు ఎవరైనా తొక్కేస్తారు. మర్నాడు పొద్దున మళ్లీ సీటు మీద కూర్చున్నప్పుడు తెలుస్తుంది కథ. గేర్లు లేని మామూలు సైకిల్, వెనక బ్యాగు ఉంటే చాయ్ బ్రేకులతో కలిపి గంటకు 12 కిలోమీటర్లు వేసుకోండి. ఆరింటికి బయల్దేరి పదకొండుకల్లా ఆపేస్తే 60. రోజుకు అదే హద్దు.

బీదర్ చుట్టుదారి కదా అంటారు. చుట్టే, కానీ మనూర్‌కు మన జిల్లా కేంద్రం సంగారెడ్డి కన్నా బీదరే దగ్గర. మంజీర దాటాక పీఠభూమి మీదికి ఎక్కాలి, అక్కడ దిగి నడిపించుకున్నా పరువేం పోదు. మధ్యాహ్నమంతా ఊరు చూడండి: కోట, 1472 నాటి మహమూద్ గవాన్ మదర్సా, బిద్రీ దుకాణాలు. జింకు, రాగి కలిపి పోత పోసిన పాత్ర మీద వెండి పొదుగుతారు. కోటలోని పాత మట్టి కలిపిన ద్రావణం పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మెరుస్తూనే ఉంటుంది. కొనకపోయినా పని చూడండి.

రెండో రోజు జహీరాబాద్, సుమారు 30 కిలోమీటర్లే. ఇంకా ముందుకు పోదామనిపిస్తుంది, పోకండి. అక్కడి నుంచి ముంబై హైవే, నేషనల్ హైవే 65. సైకిల్‌కు మంచి వాతావరణం నవంబర్ నుంచి జనవరి దాకా, చెరకు బండ్లు తిరిగేదీ అప్పుడే. వెనక లైటు లేకుండా చెరకు ట్రాక్టర్, రోడ్డు పక్కన ఆగిన లారీ, రాంగ్ రూట్‌లో బైకు... చీకట్లో మీరు వాళ్లకు కనిపించరు, వాళ్లు మీకు కనిపించరు. అందుకే చీకటి పడ్డాక ఒక్క కిలోమీటర్ కూడా వద్దు. రెండు వందల రూపాయల ఎర్ర బ్లింకర్ లైటు పగలు కూడా వెలగనివ్వండి.

మూడో రోజు సంగారెడ్డి, 55 దాకా. 1796లో కట్టిన పాత జైలు ఇక్కడ మ్యూజియం అయింది. 2016లో రూ.500 కడితే 24 గంటలు ఖైదీలా ఉండనిచ్చే పథకం పెట్టారు. ఆ రోజు మీ సీటు నొప్పికి లాడ్జి పరుపే మేలు!

నాలుగో రోజే అసలు కిటుకు. పటాన్‌చెరు నుంచి కూకట్‌పల్లి ట్రాఫిక్‌లోకి పోవద్దు. ముత్తంగి దగ్గర ఔటర్ సర్వీస్ రోడ్డు పట్టుకుని కొల్లూరుకు రండి. ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి సైకిల్‌ను రానివ్వరు, గుర్తుంచుకోండి. కొల్లూరు నుంచి నార్సింగి దాకా సోలార్ ప్యానెళ్ల నీడలో సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబర్‌లో తెరిచారు. నార్సింగి నుంచి గోల్కొండ దగ్గరే. చార్మినార్‌కు మాత్రం మర్నాడు తెల్లవారుజామున పోండి, పది దాటితే సైకిల్‌ను మోసుకుని నడవాల్సిందే.

తిరుగు ప్రయాణం తొక్కక్కర్లేదు. సైకిల్‌ను లగేజీ కింద బుక్ చేసి బీదర్ రైలెక్కండి. మొదటి రోజు ఎక్కిన ఆ ఎత్తంతా ఇప్పుడు దిగుడే, బ్రేక్ రబ్బర్లు మాత్రం ముందే చూసుకోండి.