కడుపులోని మంచి సూక్ష్మజీవులను కాపాడుకుందాం

“సిస్టర్, మందులు వేసుకున్నాకే విరేచనాలు పట్టుకున్నాయి. మందు పడలేదంటారా?” వార్డులో ఈ ప్రశ్న మేము తరచుగా వింటూ ఉంటాము. ఈ మధ్య ఒక పెద్దమ్మ కూడా ఇలాగే అడిగారు. పంటి నొప్పికి ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయోటిక్ మాత్రలు నాలుగు రోజులు వేసుకున్నారట. వారం తిరిగేసరికి రోజుకు పదిసార్లు నీళ్ళ విరేచనాలు. అవి కట్టడానికి మరో మాత్ర కొని వేసుకున్నారు. మా దగ్గరకు తీసుకొచ్చేసరికి నాలుక ఎండిపోయి, మూత్రం తగ్గిపోయి, లేచి నిలబడలేకపోయారు. సెలైన్ పెట్టి, సరైన చికిత్స చేశాక కోలుకున్నారు.

ఇలా ఎందుకు జరుగుతుంది?

సూక్ష్మజీవులు అనగానే మనకు జబ్బులే గుర్తుకు వస్తాయి. కానీ మన శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయని 2016లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. వాటిలో చాలా భాగం పెద్ద ప్రేగులోనే ఉంటాయి. ఇవి మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని పులియబెట్టి, ప్రేగు లోపలి పొరకు బలమిచ్చే పదార్థాలను తయారు చేస్తాయి. చెడ్డ క్రిములకు చోటు దొరకకుండా అడ్డుకుంటాయి.

యాంటీబయోటిక్ మందుకు మంచి క్రిమి, చెడ్డ క్రిమి అన్న తేడా తెలియదు. మంచివి చచ్చిపోయి చోటు ఖాళీ అయితే, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెరిగి విషాన్ని విడుదల చేయవచ్చు. యాంటీబయోటిక్‌ల తరువాత వచ్చే తీవ్రమైన విరేచనాలకు ఇది కారణమని 1978లో తెలిసింది. వృద్ధులకు, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉన్నవారికి ఇది ప్రాణం మీదకు తేగలదు. మందు ఆపిన కొన్ని వారాల తరువాత కూడా రావచ్చు. దీని బీజాలు చేతులకు రాసుకునే శానిటైజర్‌కు చావవు. అందుకే రోగిని చూసుకునేవారు సబ్బు, నీళ్ళతోనే చేతులు కడుక్కోవాలని మేము పదేపదే చెబుతాము.

ఏమి తినాలి?

పెద్దమ్మ ఇంటికి వెళ్ళేటప్పుడు కోడలు, “ఇక ఏమి పెట్టమంటారు సిస్టర్?” అని అడిగింది. విరేచనాలు పూర్తిగా తగ్గాక, మంచి సూక్ష్మజీవులకు ఆహారమైన పీచును కొద్దికొద్దిగా పెంచమని చెప్పాము. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనికి ఖరీదైన డబ్బాలు కొననక్కరలేదు. జొన్న రొట్టె, రాగి సంగటి, కందిపప్పు, ఉడికించిన శనగలు, గోరుచిక్కుడు, తోటకూర, జామపండు చాలు. ఇటువంటి ఆహారం మలబద్ధకాన్ని తగ్గిస్తుంది, షుగరు అదుపులో ఉండటానికీ సాయపడుతుంది. పెరుగు, మజ్జిగ కూడా మంచివే. అయితే పెరుగు మందుకు బదులు కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగే ఆహారం మార్చుకోవాలి.

మీరు గుర్తుంచుకోవలసినవి

1. జలుబుకు, మామూలు దగ్గుకు యాంటీబయోటిక్ అడగకండి. వైరస్ మీద అది పనిచేయదు.
2. డాక్టరు రాసిన యాంటీబయోటిక్ చెప్పినన్ని రోజులు వాడండి. మిగిలిన మాత్రలు దాచకండి, ఇతరులకు ఇవ్వకండి.
3. మందు వాడుతుండగా విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. తాగిస్తూ వెంటనే డాక్టరుకు చెప్పండి. విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోకండి.
4. రక్తం పడినా, జ్వరం, కడుపునొప్పి ఉన్నా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

ఆ పెద్దమ్మ రెండు రోజులు ముందుగా వచ్చి ఉంటే అంత బాధ పడేవారు కారు. ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు ఇంట్లో మిగిలిన మాత్రలన్నీ సంచిలో వేసుకుని తీసుకురండి. ఏది ఉంచాలో, ఏది పారేయాలో మేము చూసి చెబుతాము. అడగడానికి మొహమాటపడకండి.