మిరపకాయ తెలుపా, నలుపా?

హాలియా నుంచి ఒక పాఠకురాలు రాశారు. మమ్ముట్టి ‘భ్రమయుగం’ తెలుగులో చూశారట. 2024లో వచ్చిన ఆ సినిమా మొదటి నుంచి చివరిదాకా నలుపు తెలుపే. పక్కన కూర్చున్న తమ్ముడు “దీనికోసం ప్రత్యేకంగా తీసుడెందుకక్కా, రిమోట్‌ల కలర్ సున్నా చేస్తే ఏ సినిమా అయినా ఇట్లనే కనవడ్తది” అన్నాడట. అది నిజమేనా, ఈ రోజుల్లో బ్లాక్ అండ్ వైట్‌లో సినిమా తీయడానికి అర్థముందా అని అడిగారు. రెండో ప్రశ్నకు సినిమావాళ్లు జవాబు చెప్పుకోవాలి. మొదటిది మాత్రం నేను వదిలిపెట్టలేను.

చరిత్ర రెండు ముక్కల్లో అయిపోతుంది. 1963లో తెలుగులో తొలి పూర్తి రంగుల సినిమాగా ‘లవకుశ’ వచ్చింది. జనానికి రంగు నచ్చింది, నలుపు తెలుపు మెల్లగా పక్కకు జరిగింది. అసలు కథ ఫిల్మ్ పూతలో ఉంది.

పాత ఫొటో స్టూడియోల డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు వెలుగుతుండేది. ఎర్ర బల్బే ఎందుకు? ఫొటో ముద్రించే కాగితానికి ఎరుపు కనబడదు కనుక. కాగితమైనా, ఫిల్మ్ అయినా, జిలటిన్ పూతలో వెండి బ్రోమైడ్ స్ఫటికాలుంటాయి. ఆ స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే కాంతి కణానికి సుమారు 2.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. నీలి కాంతికి అంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది. ఎరుపు రెండు దగ్గరే ఆగిపోతుంది. ఎర్ర వెలుతురు ఎంత కుమ్మరించినా లాభం లేదు, చాలని కణాలు పది కలిసినా చాలనివే. ఊడిన ఎలక్ట్రాన్ ఒక వెండి అయానుతో కలిస్తే వెండి పరమాణువు పుడుతుంది. అలాంటివి ఒకచోట నాలుగు పోగైతే చాలు, డెవలపర్‌లో ముంచినప్పుడు ఆ స్ఫటికమంతా నల్లని వెండిగా మారిపోతుంది. నాలుగు పరమాణువులు సాక్ష్యం చెబితే కోట్ల పరమాణువులు ఒప్పేసుకుంటాయి! ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తొలినాటి ఫొటోల్లో ఆకాశం సున్నం కొట్టినట్టు, పెదవులు నల్లగా ఉండడం ఇందుకే. వెండి తీరే అంత, మార్చలేమని నిపుణులు తీర్మానించేసుకున్నారు. 1873లో బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ దగ్గరున్న కొన్ని ప్లేట్లు ఆకుపచ్చకు కూడా స్పందించాయి. వాటికి వేరే అవసరం కోసం పసుపు రంగు అద్ది ఉంది. ఆ రంగు తాను పీల్చుకున్న కాంతి శక్తిని స్ఫటికానికి అందిస్తోందని ఫోగెల్ పసిగట్టాడు. చాలామంది నమ్మలేదు. మరుసటి ఏడు ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకెరెల్ ఆకుల్లోని పత్రహరితం కలిపి అదే పని చేయించాడు. ఈ దారిలోనే అన్ని రంగులూ చూసే పాంక్రొమాటిక్ ఫిల్మ్ వచ్చింది, 1920లలో సినిమాల్లో స్థిరపడింది. దాన్ని కడిగేటప్పుడు ఆ ఎర్ర బల్బు కూడా ఆర్పేయాల్సి వచ్చింది.

ఇక మిరప తోటకు పోదాం. పచ్చటి ఆకుల మధ్య ఒక పండు మిరపకాయ. నీలం మాత్రమే తెలిసిన పాత ఫిల్మ్ మీద అది నల్లగా పడుతుంది. పాంక్రొమాటిక్ ఫిల్మ్ వేసి లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టండి, కాయ తెల్లబడుతుంది. పత్రహరితం ఎరుపును మింగేస్తుంది కాబట్టి ఆకులు నల్లబడతాయి. పచ్చ ఫిల్టర్ పెడితే అంతా తలకిందులు. ఎర్ర ఫిల్టర్‌తోనే నాగార్జునసాగర్ మీది నీలాకాశం చీకటిపడి మబ్బులు తెల్లగా పైకి తేలతాయి, పట్టపగలు తీసి రాత్రి అని నమ్మించడానికి ఇదొక పాత కిటుకు. అయితే కథానాయిక నుదుటి కుంకుమ కూడా చర్మంలో కలిసి కనబడకుండా పోతుంది. దర్శకుడు తల పట్టుకుంటాడు.

రిమోట్ ఏం చేస్తుంది? హెచ్‌డీ టీవీ లెక్క ప్రకారం ఎరుపు సుమారు 21 శాతం, పచ్చ 72, నీలం 7 చొప్పున కలిపి ఒక బూడిద తయారవుతుంది. ఏ రంగు మన కంటికి ఎంత వెలుగుగా తోస్తుందో దాని ప్రకారం కట్టిన లెక్క, తప్పుపట్టడానికి లేదు. కాకపోతే ఎర్రటి కాయ, కాస్త ముదురు ఆకు రెండూ ఇంచుమించు ఒకే బూడిదకు వచ్చేస్తాయి. తోటలో కాయ ఎక్కడుందో వెతుక్కోవాలి. రంగుల సినిమాకు చీరలూ గోడలూ రంగు తేడా చూసి ఎంచుతారు, ఆ తేడా పోయాక అవన్నీ ఒకే ముద్ద.

‘ది ఆర్టిస్ట్’ (2011) రంగు ఫిల్మ్ మీద, ‘రోమా’ (2018) రంగు డిజిటల్ కెమెరాతో తీసినవే కదా అంటారు. నిజమే. కానీ వాటిని మొదటి నుంచీ నలుపు తెలుపు కోసమనే తీశారు.

నాకు ఇంకా నచ్చేది మోనోక్రోమ్ సెన్సర్. డిజిటల్ సెన్సర్‌కు పుట్టుకతో రంగు తెలియదు. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన పద్ధతిలో ఒక్కో గడి మీద ఒక్కో చిన్న ఫిల్టర్ ఉంటుంది: సగం గడులకు పచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఒక్కో గడికి తక్కిన రెండు రంగులూ పక్క గడులను చూసి కట్టిన అంచనాలు. మన రంగుల బొమ్మలో మూడింట రెండు వంతులు ఊహే! ఆ ఫిల్టర్లు తీసేస్తే ప్రతి గడి తాను చూసిందే చెబుతుంది. బొమ్మ పదునెక్కుతుంది, తక్కువ వెలుతురు కూడా సరిపోతుంది.

బూడిదలోంచి రంగు వెనక్కి తీయడం మరో ముచ్చట. 1957 నాటి ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెలకు 2010లో హైదరాబాద్‌లో రంగులద్దారు. జనం సరదాగా చూశారు. కానీ ఒక బూడిద వెనుక ఎన్ని రంగులైనా ఉండొచ్చు, ఏదన్నది ఫిల్మ్ మీద రాసి ఉండదు. కథానాయిక శశిరేఖ చీర రంగు అద్దినవాళ్ల ఇష్టం.

ఇక తీయాలా వద్దా? జవాబు సినిమావాళ్లదే అన్నాను గానీ, తీయాలనే నేనంటాను, షూటింగ్‌కు ముందే తేల్చుకుంటే. ‘ఓపెన్‌హైమర్’ (2023) కోసం కోడాక్ 65 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్మ్‌ను కొత్తగా తయారుచేసింది. మనకు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఉండేది, మూతబడింది. కాబట్టి మోనోక్రోమ్ కెమెరా అద్దెకు తెచ్చుకోవడం సులువైన దారి. “ముందు రంగులో తీసిపెడదాం, తర్వాత చూసుకుందాం” అనే నిర్మాత దానికి ఒప్పుకుంటాడని నాకు నమ్మకం లేదు. ఆ కెమెరాతో తీస్తే తర్వాత చూసుకోవడానికి రంగు ఉండదు.