మధ్యవర్తిని వదిలి, అప్పులోళ్లతో మనమే మాట్లాడుదాం

"నెలకు ఇంత అని మాకు కట్టుండ్రి. బ్యాంకోళ్ల ఫోన్లు ఎత్తకుండ్రి. మీ అప్పు సగానికి తెంపి పెడ్తం."

అప్పుల్లో ఉన్న ఇంటికి ఈ మాట చల్లగా వినిపిస్తుంది. పొద్దున లేస్తే వసూలు ఫోన్లు, సాయంత్రం సాంచాల కాడినుంచి వస్తే గుమ్మం ముందు ఎవరో నిలబడి ఉండడం. వీటితో విసిగిన మనిషి "ఎవరైనా చూసుకుంటే చాలు" అనుకుంటాడు. సంతకం పెడతాడు, డబ్బు కట్టడం మొదలుపెడతాడు. ఆరు నెలలు గడిచాక కూడా ఫోన్లు ఆగవు. పైగా కోర్టు నోటీసు వస్తుంది. అప్పుడు పుట్టే అనుమానం: ఇందులోంచి బయటికి రావచ్చా? వస్తే అప్పులోళ్లతో మనమే మాట్లాడుకోగలమా?

రావచ్చు. మాట్లాడుకోనూ వచ్చు. కానీ ఒక పద్ధతి ప్రకారం రావాలి.

ముందు అసలు సంగతి

అప్పు ఒప్పందం మీకూ, అప్పు ఇచ్చినవాళ్లకూ మధ్యనే ఉంటుంది. ఏజెన్సీ మధ్యలో వచ్చి మాట్లాడే మనిషి మాత్రమే. మీరు ఏజెన్సీకి కట్టిన రూపాయి బ్యాంకుకు చేరేదాకా మీ అప్పులో ఒక్క పైసా తగ్గదు. మనం కట్టడం ఆపిన రోజు నుంచి వడ్డీ, ఆలస్యపు జరిమానా పడుతూనే ఉంటాయి. కిస్తు 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండి బాకీ కింద రాస్తుంది. సిబిల్ రికార్డులో మచ్చ పడుతుంది.

ఇలా అప్పులు తెంపిస్తామనే ఏజెన్సీలకు రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా లైసెన్సు ఏమీ ఇవ్వదు. ఫీజు తీసుకుని అప్పు మాఫీ సర్టిఫికెట్లు ఇస్తామని ప్రచారం చేసేవాళ్లను నమ్మవద్దని 2023 డిసెంబరులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది.

ఒక లెక్క చూద్దాం. చేరేటప్పుడు 3,000, తర్వాత నెలకు 2,000, అందులో 400 ఏజెన్సీ ఫీజు అనుకుందాం. పది నెలల్లో ఇంట్లోంచి పోయింది 23,000. అందులో ఫీజులు 7,000. అప్పు తీర్చడానికి మిగిలింది 16,000. ఆ పది నెలల వడ్డీ వేరే. మీ కాగితాలు తీసి, మీ అంకెలతో ఇదే లెక్క వేసుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం తొందరపడొద్దు. బ్యాంకు ఇచ్చిన సెటిల్‌మెంటు లెటర్ మీ చేతికి వచ్చి, కట్టాల్సిన డబ్బు నిజంగా జమై ఉంటే, ఆ ఒక్క అప్పు ముగిసేదాకా ఆగి తర్వాత బయటికి రండి. లెటర్ చూపించకుండా "అయిపోతది, అయిపోతది" అంటూ ఉంటే మాత్రం ఆగాల్సిన పని లేదు.

బయటికి వచ్చే పద్ధతి

మొదట కాగితాలు ఒకచోట పెట్టండి. ఏజెన్సీతో ఒప్పందం, కట్టిన రసీదులు, ఫోన్‌లో వచ్చిన మెసేజీలు అన్నీ. తర్వాత బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో నేరుగా వెళ్లి ప్రతి అప్పుకూ స్టేట్‌మెంటు అడగండి. ఏజెన్సీ చెప్పిన అంకెను నమ్మి కూర్చోవద్దు. సిబిల్ లాంటి సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అది తీస్తే మీ పేరు మీద ఎన్ని అప్పులున్నాయో ఒకేచోట కనిపిస్తుంది.

రెండోది, ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పండి. నోటిమాట పనికిరాదు. లెటర్‌లో నాలుగు ముక్కలుంటే చాలు: ఈ తేదీ నుంచి ఒప్పందం రద్దు చేసుకుంటున్నాను, నా తరఫున మాట్లాడడానికి ఇచ్చిన అధికారం వెనక్కి తీసుకుంటున్నాను, ఇప్పటిదాకా నేను కట్టింది ఎంత, మీరు ఎవరికి ఎంత కట్టారో లెక్క ఇవ్వండి, మిగిలిన డబ్బు నా ఖాతాలో వేయండి. ఒక నకలు మీ దగ్గర పెట్టుకుని స్పీడ్ పోస్టులో పంపండి.

మూడోది, డబ్బు దానంతటదే పోయే దారి మూసేయండి. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే యాప్‌లోనే రద్దు చేయవచ్చు. బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా కోత పడుతుంటే బ్యాంకుకు వెళ్లి ఆ కోత ఆపమని రాసి ఇవ్వండి. ఆపేది ఏజెన్సీ కోత ఒక్కటే. తప్పి అప్పు కిస్తు కోత ఆపకండి.

డబ్బు తిరిగి ఇవ్వకపోతే 1915కు ఫోన్ చేయండి. అది వినియోగదారుల జాతీయ హెల్ప్‌లైను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేయవచ్చు. 5 లక్షల లోపు సేవలకైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి.

నాలుగోది, అప్పు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ "ఇకమీదట నాతోనే మాట్లాడండి" అని రాసి ఇవ్వండి. మీ ఫోన్ నంబరు, అడ్రసు వాళ్ల రికార్డులో సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. కొన్నిసార్లు ఏజెన్సీ తన నంబరు ఎక్కించి ఉంటుంది. అప్పుడు నోటీసు వచ్చినా మనకు తెలియదు.

ఎవరికి ముందు, ఎవరికి తర్వాత

ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు ముందు కట్టడం మనకు అలవాటు. అది మానాలి. ఏది కట్టకపోతే ఇంటికి ఎక్కువ నష్టమో దాన్ని బట్టి వరుస పెట్టుకోవాలి.

తిండి, అద్దె, లైటు బిల్లు, పిల్లల చదువు మొదట. తర్వాత కుదువ పెట్టిన వస్తువున్న అప్పు. పుస్తెలతాడు బ్యాంకులో ఉంటే, వడ్డీ కట్టకపోతే అది వేలానికి పోతుంది. ఆ తర్వాత ఇంకొకరి మెడకు చుట్టుకునే అప్పు. మహిళా గ్రూపు లోను మనం కట్టకపోతే పక్కింటి అక్క కట్టాల్సి వస్తుంది. పతసంస్థ అప్పుకు జామీను ఉన్న తోటి కార్మికుడి మీదా అదే బరువు పడుతుంది. చట్టం ప్రకారం జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమే. మహారాష్ట్రలో పతసంస్థలు సహకార చట్టంలోని 101 సెక్షన్ కింద వసూలు సర్టిఫికెట్ తెచ్చుకోగలవు. ఆ 101 నోటీసు వస్తే పక్కన పడేయకుండా చెప్పిన తేదీకి హాజరు కావాలి. చివరికి ఏ వస్తువూ కుదువ లేని పర్సనల్ లోన్లు, ఫోన్ లోన్లు, కార్డులు.

మళ్లీ ఒక ఉదాహరణ. భర్తకు కార్ఖానాలో వారానికి 3,000, భార్యకు బీడీల మీద 1,200 వస్తాయనుకుందాం. నెలకు నాలుగు వారాలే లెక్క పెట్టండి, 16,800. ఐదో వారం వచ్చిన నెలలో ఆ డబ్బు జబ్బుకో, కరెంటు పోయి పని ఆగిన రోజులకో దాచండి. ఇంటి ఖర్చు 12,800 అయితే మిగిలేది 4,000. బంగారం వడ్డీ 500, గ్రూపు కిస్తు 1,500 పోతే 2,000. ఇంకా పర్సనల్ లోను 60,000, ఫోన్ లోను 20,000 ఉన్నాయి. బాకీ ఎంతుందో ఆ వంతున పంచితే ఒకరికి 1,500, ఇంకొకరికి 500. ఇదే మీరు మాట ఇవ్వగలిగిన అంకె. భయపడి 3,000 ఒప్పుకుంటే రెండో నెలలోనే మాట తప్పుతారు. నిలబెట్టుకునే 1,500, తప్పిపోయే 3,000 కంటే మేలు.

ఈ లెక్క భార్యాభర్తలిద్దరూ కూర్చుని వేయాలి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు తెచ్చిన చేబదులు, భిశీ బాకీ కూడా అందులోకి రావాలి. ఒక్కటి దాచినా మొత్తం లెక్క తప్పుతుంది.

ఏం అడగాలి

అడగడానికి రెండు దారులున్నాయి. మొదటిది కిస్తు తగ్గించి గడువు పెంచమనడం. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కట్టాల్సి వస్తుంది, కానీ అప్పు పూర్తిగా తీరుతుంది. రెండోది సెటిల్‌మెంటు, అంటే కొంత తగ్గించి ఒకేసారి గానీ రెండు మూడు విడతల్లో గానీ ముగించడం. ఇందులో సిబిల్‌లో "క్లోజ్డ్" అని రాకుండా "సెటిల్డ్" అని పడుతుంది. రేపు ఇంటికో, పిల్లల చదువుకో లోను అడిగితే ఆ మాట అడ్డం వస్తుంది. చేతిలో నిజంగా డబ్బు ఉన్నప్పుడే సెటిల్‌మెంటు మాట ఎత్తండి. దానికోసం సావుకారు దగ్గర కొత్త అప్పు తెస్తే గుంత పూడ్చడానికి ఇంకో గుంత తవ్వినట్టే.

మన పిల్లలు మరాఠీ బడుల్లో చదివినవాళ్లే కాబట్టి లెటర్ వాళ్లచేత మరాఠీలోనో ఇంగ్లీషులోనో రాయించండి. లోను నంబరు, ఇంటి ఆదాయం, ఖర్చు, మిగిలేది, నెలకు ఎంత కట్టగలరు, ఏ తేదీన కడతారు అన్నవి ఉంటే చాలు. పేజీల కొద్దీ కష్టాలు అక్కర్లేదు. ఇచ్చాక నకలు మీద బ్రాంచి ముద్ర వేయించుకోండి. జవాబు వచ్చేదాకా చేతులు ముడుచుకోకుండా, మీరు చెప్పిన అంకెను చెప్పిన తేదీకి కడుతూ ఉండండి. అయితే బ్యాంకు ఒప్పుకున్నట్టు రాసి ఇచ్చేదాకా పాత కిస్తే లెక్కలో ఉంటుందని గుర్తుంచుకోండి.

స్టేట్‌మెంటులో జరిమానాలు కూడా చూడండి. ఆలస్యపు జరిమానాను అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. క్రెడిట్ కార్డులకు మాత్రం ఇది వర్తించదు.

ఒప్పందం కుదిరితే ముందు లెటర్, తర్వాతే డబ్బు. అందులో లోను నంబరు, కట్టాల్సిన మొత్తం, చివరి తేదీ, మిగతాది వదిలేస్తున్నామన్న మాట ఉండాలి. డబ్బు లోను ఖాతాలోనే వేయండి. వసూలుకు వచ్చినవాడి సొంత ఫోన్ నంబరుకు పంపొద్దు. అంతా అయ్యాక "బాకీ లేదు" అనే లెటర్ తీసుకోండి. ఖాతాలో డబ్బు ఉంటుందని నమ్మకం లేని తేదీకి చెక్కు మాత్రం రాసి ఇవ్వకండి. లోను కట్టలేకపోవడం ఒక్కటే నేరం కాదు గానీ, చెక్కు వాపసు వస్తే క్రిమినల్ కేసు అవుతుంది.

ఫోన్లు, బెదిరింపులు, నోటీసులు

వసూలు ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు మళ్లీ గట్టిగా చెప్పింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకు ఏ వస్తువూ కుదువ లేకుండా ఇచ్చే మైక్రోఫైనాన్స్ లోన్లకైతే ఆ సమయం 9 నుంచి 6 వరకే. తిట్టడం, నలుగురిలో పరువు తీయడం, చుట్టాలను, స్నేహితులను సతాయించడం తప్పు. ఇంటికి వచ్చినవాడిని గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. "నేను బ్రాంచిలో లెటర్ ఇచ్చాను, ఇదిగో నకలు" అని ఒక్క మాట చెప్పండి. పేరు, తేదీ, సమయం ఒక నోటుబుక్కులో రాసుకోండి.

హద్దు మీరితే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఖర్చు లేదు. వివరాలకు 14448. పతసంస్థ అయితే సహకార శాఖ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. లైసెన్సు లేకుండా వడ్డీకి ఇచ్చే సావుకారు మీద కూడా అక్కడే చెప్పుకోవచ్చు. మహారాష్ట్రలో 2014 చట్టం ప్రకారం లైసెన్సు లేని వడ్డీ వ్యాపారం నేరం.

కోర్టు నోటీసో, లోక్ అదాలత్ పిలుపో వస్తే దాక్కోవద్దు. లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటేనే తీర్పు. కానీ ఒకసారి ఒప్పుకుంటే దాని మీద అప్పీలు లేదు. కాబట్టి ఇంట్లో వేసుకున్న లెక్క కాగితం తీసుకునే వెళ్లండి, ఆ అంకె దాటి ఒప్పుకోకండి. ఆడవాళ్లకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవా ప్రాధికారంలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఇంకోటి గుర్తుంచుకోండి. కోర్టు డిక్రీ వచ్చినా కూలివాళ్ల కూలిని, చేతిపనివాళ్ల పనిముట్లను జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది.

సాంచా మీద పోగు తెగితే మనం ఏం చేస్తాం? సాంచా ఆపి, తెగిన చోటు వెతికి, ముడి వేసి మళ్లీ నడుపుతాం. చూడనట్టు వదిలేస్తే గజాల కొద్దీ బట్ట ఖరాబవుతుంది. అప్పు కూడా అంతే. వచ్చే సెలవు రోజున కాగితాలన్నీ కింద పరిచి, ఇంటిల్లిపాదీ కూర్చుని ముందు ఒక్క పని చేయండి: ఎవరికి ఎంత బాకీ ఉందో ఒకే కాగితం మీద రాయండి.