మూసిన తలుపు ముందు తిరునాళ్ళు

కొత్త ఫోను ఒకటి వస్తూన్నదంటే ఇప్పుడు జనం బజారుకు పోవటం లేదు. ఇంట్లోనే కూర్చుండి, చేతిలోని పాత ఫోనులో దుకాణం తెరచి, గడియారం వంక చూస్తూ వుంటారు. బెంగుళూరులో గాని, బరంపురంలో గాని, యానాంలో గాని, మన ఇళ్ళలో కాలేజీ పిల్లవాడు ఒక్కడున్నా ఈ జాగరణ సంగతి తల్లిదండ్రులకు తెలిసే వుంటుంది. అనుకున్న ముహూర్తం రానే వస్తుంది. దుకాణం కాస్తా మాయమవుతుంది! తెరమీద తెల్లని పుట, దానిపై క్షమించమని ఒక వాక్యం. గోడలే లేని దుకాణానికి తలుపు మూయటమేమిటని పెద్దవారు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. ఎందుకంటే ఆ తలుపు అన్నిచోట్లా ఒకే కారణానికి మూసుకోదు.

అమెరికాలోని ఆపిల్ కంపెనీవారు తలుపు తామే మూస్తారు. కొత్త సరుకు ప్రకటించే రోజున, సభకు కొన్ని గంటల ముందుగానే తమ ఆన్‌లైన్ దుకాణాన్ని ఆపి, మళ్ళీ వస్తామని చీటీ అంటిస్తారు. చాలాకాలం ఆ చీటీ పసుపుపచ్చగా వుండేది. లోపల సరుకు సర్దుకొనటానికే ఇదంతా అనుకోవచ్చును. కాని దుకాణం మూసివున్నదన్న కబురే పత్రికలకు వార్త అయి కూర్చున్నది. వీధిలో పందిరి లేస్తే పెళ్ళి సంగతి వేరే చాటింపు వేయనక్కరలేదు గదా! అయితే మూయటం వారి చేతిలో వున్నంతగా తెరవటం లేదు. 2014 సెప్టెంబరు 12న ఐఫోన్ 6కు అక్కడి పసిఫిక్ తీరపు అర్ధరాత్రి వేళ ఆర్డర్లు పుచ్చుకోవలసి వుండగా, రెండు గంటలు గడచినా దుకాణం సరిగా తెరుచుకోలేదు. అయినా మొదటి 24 గంటలలో 40 లక్షలకు పైగా ఆర్డర్లు వచ్చినవని కంపెనీవారు ప్రకటించారు. అలిగి వెళ్ళినవారు తక్కువేనన్నమాట.

మన దేశంలో ఈ ముచ్చట బాగా తెలిసివచ్చింది కూడా ఆ 2014లోనే. 2007లో బెంగుళూరులో పుస్తకాల అమ్మకంతో మొదలైన ఫ్లిప్‌కార్ట్, 2014 జూలై 22న చైనా కంపెనీ షావోమీవారి ఎం.ఐ. 3 ఫోనును రూ. 13,999కి అమ్మకానికి పెట్టింది. అమ్మకం మొదలైన క్షణాలలోనే వెబ్‌సైటు కుప్పకూలింది. తేరుకున్న తరువాత గంటలోపే సరుకంతా చెల్లిపోయింది. వారం తిరిగాక జరిగిన రెండవ అమ్మకం 5 సెకండ్లలో ముగిసిందన్నారు. 5 సెకండ్లంటే మనం కళ్ళజోడు తుడుచుకొనే లోపల!

ఇంత పెద్ద కంపెనీ యంత్రాలు ఎందుకు కూలుతాయి? మనకు కనబడే పుట ఒక్కటే గాని, దాని వెనుక పని చాలా వున్నది. ఒక్కరు బొత్తాం నొక్కితే సర్వర్లనే యంత్రాలు సరుకు ఎంత మిగిలిందో చూడాలి. అందులో ఒకటి ఆ మనిషి పేర పక్కన పెట్టాలి. పైకం ముట్టిందా అని బ్యాంకును అడగాలి. మామూలు రోజున ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. లక్షమంది ఒకే క్షణాన నొక్కితే ఆ లెక్క చూసేచోట వరుస పెరుగుతుంది, పుట రావటం ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే మనం వూరుకుంటామా? మళ్ళీ నొక్కుతాం. ఆ రెండవ నొక్కుడు వరుసలో మరొక మనిషిగా చేరుతుంది. ఈ విధంగా ఒక్కడే పదిమందిగా మారి తనను తానే తోసుకుంటాడు. సినిమా టిక్కెట్ల కిటికీ దగ్గర ఎంత తొక్కిడి వున్నా మనిషికి ఒక్క శరీరమే. ఇక్కడ ఆ హద్దు లేదు.

ఆ ఏడాదే అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్‌వారు 'బిగ్ బిలియన్ డే' అనే పెద్ద అమ్మకం జరిపి 10 గంటలలో రూ. 600 కోట్ల సరుకు అమ్మామన్నారు. అదే రోజున సైటు తడబడింది, కొన్ని ఆర్డర్లు రద్దయినవి, ధరలు మారినవని జనం మండిపడ్డారు. మర్నాడు స్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ క్షమాపణ చెబుతూ ఉత్తరం వ్రాశారు. దాదాపు 5000 సర్వర్లు పెట్టి, 20 రెట్ల రద్దీకి సిద్ధపడ్డామనీ, వచ్చినది అంతకంటె ఎక్కువనీ అందులో వున్నది. తప్పు ఒప్పుకున్న తీరు నాకు నచ్చింది. ఇప్పుడు కొన్ని దుకాణాలు ముందుగా పేర్లు నమోదు చేయించుకొని, వచ్చినవారిని వరుస పుటలో ఆపి, కొద్దికొద్దిగా లోపలికి వదులుతూన్నవి. అయినా 2020 సెప్టెంబరులో కొత్త ప్లేస్టేషన్ ఆటయంత్రం ముందస్తు ఆర్డర్లలో గందరగోళం జరిగి సోనీవారు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

ఇంతవరకు చెప్పిన తలుపుల వెనుక సరుకన్నా వున్నది. 2016 ఫిబ్రవరిలో నోయిడాకు చెందిన రింగింగ్ బెల్స్ అనే కంపెనీ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోను ఇస్తామని పత్రికలలో ప్రకటించింది. పేరు ఫ్రీడం 251. పంపుడు ఖర్చు మరో 40 రూపాయలు. ఫిబ్రవరి 18 వుదయం 6 గంటలకు బుకింగు. కాసేపటికే సైటు నిలిచిపోయింది. సెకండుకు 6 లక్షల తాకిడి వస్తూన్నదనీ, మీ ఆశీస్సులవల్ల సర్వర్లు తట్టుకోలేకున్నవనీ, 24 గంటలలో వస్తామనీ కంపెనీవారు పుటమీద వ్రాశారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, ఫోను పుట్టకముందే దాని రద్దీ లెక్కలు వూరేగినవి. సర్వర్లు కూలాయంటే సరుకు గొప్పదేనని అనుకున్న అమాయకులు ఎందరో! కాని పత్రికలవారికి ఇచ్చిన నమూనా ఫోన్లమీద ఆడ్‌కామ్ అనే వేరే కంపెనీ పేరు తెల్లరంగు పూసి కప్పివున్నది. 251 రూపాయలకు అటువంటి ఫోనులోని భాగాలు కూడా రావని ఆ వ్యాపారం తెలిసినవారు అప్పుడే చెప్పారు. 251 రూపాయలు పెద్ద సొమ్ము కాదు, పోతే పోనీ అనుకోవటంలోనే ఇటువంటివాటి బలమంతా వున్నది.

గొడవ ముదిరిన తరువాత, ముందుగా పైకం కట్టిన సుమారు 30,000 మందికి తిరిగి ఇస్తామని కంపెనీవారు ప్రకటించారు. 2017 ఫిబ్రవరిలో ఆ కంపెనీ నిర్వాహకుని పోలీసులు నిర్బంధించారు. ఫిర్యాదు చేసింది 251 రూపాయలు కట్టినవాడు కాదు. ఆ ఫోన్లు తన వూళ్ళో అమ్ముకుందామని లక్షలు ముందు కట్టిన ఒక పంపిణీదారు.