బడిలో మొలకెత్తితేనే జట్టుకు బలం
రగ్బీలో లెన్‌స్టర్‌ నేర్పుతున్న పాఠం

2025 జూన్‌లో ముంబయిలో తొలి రగ్బీ ప్రీమియర్‌ లీగ్‌ జరిగింది. తలపడిన ఆరు జట్లలో ఒకదాని పేరు హైదరాబాద్‌ హీరోస్‌. తుదిపోరులో చెన్నై బుల్స్‌ 41-0తో ఢిల్లీ రెడ్జ్‌ను చిత్తుచేసి విజేతగా నిలిచింది. జట్ల పేర్లు వేర్వేరు నగరాలవైనా పోటీలన్నీ ముంబయిలోనే సాగాయి. జట్లకు వన్నె తెచ్చిన వారిలో విదేశీ ఆటగాళ్లే ఎక్కువ. ఒక నగరం పేరుతో జట్టును ప్రకటించడానికి ఒక్కరోజు చాలు. ఆ ప్రాంతపు పిల్లలతో ఆ జట్టును నింపడానికి పది పదిహేనేళ్లు కావాలి. ఈ రెండో పనిని ముందు చేసి, దాని ఆధారంగా ఆదాయాన్ని పెంచుకున్న సంస్థల్లో ఐర్లాండ్‌లోని లెన్‌స్టర్‌ది ప్రత్యేక స్థానం.

కూతకు బదులు బంతి

కబడ్డీ తెలిసినవారికి రగ్బీ అర్థం కావడం కష్టమేమీ కాదు. కోడిగుడ్డు ఆకారంలోని బంతిని చేతబట్టి ప్రత్యర్థుల గీత దాటించి నేలకు తాకించాలి. దీనిని ట్రై అంటారు. ఇందుకు అయిదు పాయింట్లు లభిస్తాయి. బంతిని చేతితో ముందుకు విసరకూడదు. పక్కకో, వెనక్కో మాత్రమే అందించాలి. ముందుకు సాగాలంటే పరుగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. బంతి పట్టుకున్నవాడిని ఎదుటివారు పట్టి పడగొడతారు. సంప్రదాయ రగ్బీలో జట్టుకు 15 మంది, ఆట 80 నిమిషాలు. ఏడుగురితో ఆడే పొట్టి రగ్బీ 2016 రియో ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. భారత్‌లో ఎక్కువగా ప్రాచుర్యం పొందుతున్నది ఈ పొట్టి ఆటే.

1995 మలుపు

ఐర్లాండ్‌ రగ్బీలో నాలుగు ప్రాంతీయ సంస్థలు ఉన్నాయి. అవి లెన్‌స్టర్‌, మన్‌స్టర్‌, అల్‌స్టర్‌, కొనాట్‌. డబ్లిన్‌ నగరంతోపాటు 12 కౌంటీలు లెన్‌స్టర్‌ పరిధిలోకి వస్తాయి. 1995 ఆగస్టు వరకు సంప్రదాయ రగ్బీలో ఆటగాళ్లకు వేతనం ఇవ్వడం నిషిద్ధం. ఆ నెలలో అంతర్జాతీయ బోర్డు నిషేధాన్ని ఎత్తివేసింది. అంతవరకు ఏడాదికి కొన్ని మ్యాచ్‌ల కోసం మాత్రమే సమకూడే ప్రాంతీయ జట్లు, ఏడాది పొడవునా జీతాలు చెల్లించే సంస్థలుగా మారవలసి వచ్చింది. డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ఆటగాళ్లు ఎక్కడి నుంచి రావాలి? లెన్‌స్టర్‌ ఈ రెండు ప్రశ్నలకూ ఒకేచోట సమాధానం వెతికింది. అదే బడి.

పాఠశాలలే పునాది

లెన్‌స్టర్‌ పాఠశాలల సీనియర్‌ కప్‌ 1887లో మొదలైంది. డబ్లిన్‌ పరిసరాల్లోని పేరున్న విద్యాలయాలకు ఇది పరువు సమస్య. ఒక్క బ్లాక్‌రాక్‌ కళాశాలే సుమారు 70 సార్లు ఈ కప్పును గెలుచుకుంది. ఐర్లాండ్‌ జట్టుకు సుదీర్ఘకాలం సారథ్యం వహించిన బ్రయన్‌ ఒడ్రిస్కల్‌ చదివింది అక్కడే. శిక్షకులు, మైదానాలు, వ్యాయామశాలల ఖర్చును చాలావరకు పాఠశాలలే భరిస్తాయి. కాబట్టి ప్రాంతీయ సంస్థ పైసా ఖర్చు చేయకముందే పిల్లవాడికి అయిదారేళ్ల శిక్షణ అందుతుంది. ఇదొక పెద్ద ఆదా.

అయితే పాఠశాలల దారి ఒక్కటే ఉంటే పల్లెల పిల్లలు మిగిలిపోతారు. అందుకే గ్రామీణ, పట్టణ క్లబ్బుల కోసం రెండో దారి వేశారు. ప్రాంతాన్ని అయిదు మండలాలుగా విభజించి, వాటి బాలుర జట్ల మధ్య షేన్‌ హోర్గన్‌ కప్‌ పేరుతో పోటీలు నిర్వహిస్తారు. సంస్థ ప్రతినిధులు ఆ మైదానాలకు వెళ్లి ప్రతిభను గుర్తిస్తారు. కార్లో కౌంటీలోని టల్లో క్లబ్బు నుంచి వచ్చిన షాన్‌ ఒబ్రయన్‌, వెక్స్‌ఫర్డ్‌ కౌంటీలోని న్యూరాస్‌ క్లబ్బు నుంచి వచ్చిన టైగ్‌ ఫర్లాంగ్‌ ఇద్దరూ వ్యవసాయ కుటుంబాల బిడ్డలే. ఇద్దరూ ఐర్లాండ్‌ జాతీయ జట్టులో కీలక ఆటగాళ్లుగా ఎదిగారు.

చదువు ఆగదు

పాఠశాల ముగిశాక ఎంపికైన కొద్దిమందికి అకాడమీలో స్థానం దక్కుతుంది. అక్కడి శిక్షణ సాధారణంగా మూడేళ్లు. ఆ కాలంలో వారు కళాశాల చదువు కొనసాగించేలా చూస్తారు. దీనికి బలమైన కారణం ఉంది. అకాడమీలో చేరిన ప్రతి ఒక్కరూ వృత్తి ఆటగాళ్లు కాలేరు. ఒక మోకాలి గాయంతోనే ఆట ముగియవచ్చు. చేతిలో పట్టా ఉంటే ఆ యువకుడు రోడ్డున పడడు. తల్లిదండ్రులు ధైర్యంగా పిల్లలను మైదానానికి పంపడానికి ఈ భరోసా ఎంతో అవసరం.

భద్రత విషయంలోనూ అంతే. చిన్న వయసువారికి ఒకరినొకరు పడగొట్టే ఆట నేర్పరు. నడుముకు కట్టిన పట్టీలను లాగే ఆటతో మొదలుపెడతారు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఆటగాడిని వెంటనే మైదానం నుంచి పంపాలన్నది ప్రపంచ రగ్బీ నియమం.

గల్లాపెట్టె నిండిన తీరు

లెన్‌స్టర్‌ మ్యాచ్‌ విరామంలో చిన్నారుల క్లబ్బులు అదే పచ్చికపై కొద్ది నిమిషాలు ఆడతాయి. చూడటానికి ఇది ముచ్చట. లెక్క చూస్తే వ్యాపారం. ఒక పిల్లవాడు ఆడితే అమ్మానాన్న, అన్నదమ్ములు, తాతయ్య టికెట్టు కొంటారు. ఒకసారి వచ్చిన కుటుంబం జట్టు రంగు చొక్కా కొంటుంది. మరుసటి ఏడాది సీజన్‌ టికెట్‌ తీసుకుంటుంది. సీజన్‌ టికెట్ల డబ్బు ముందుగానే చేతికి వస్తుంది గనుక సంస్థ జీతాల ప్రణాళిక వేసుకోగలుగుతుంది. నిండిన స్టేడియాన్ని చూపి ప్రాయోజకులతో బేరమాడగలుగుతుంది. తన ఊరి కుర్రవాడు ఆడుతున్న జట్టును అభిమాని ఓటమిలోనూ వదలడు. ప్రకటనలతో కొనలేని విధేయత ఇది.

మైదానాలను కూడా మెట్లుమెట్లుగానే పెంచుకున్నారు. తొలుత డానీబ్రూక్‌లోని చిన్న మైదానం. తర్వాత సుమారు 18 వేల మంది పట్టే ఆర్‌డీఎస్‌. 2010 తర్వాత పెద్ద మ్యాచ్‌లకు 51 వేలకు పైగా సీట్లున్న అవీవా స్టేడియం. సొంతంగా భారీ కట్టడం తలకెత్తుకోకుండా అవసరమైనప్పుడు అద్దెకు తీసుకున్నారు. 2009 మేలో మన్‌స్టర్‌తో జరిగిన యూరప్‌ కప్‌ సెమీఫైనల్‌కు డబ్లిన్‌లోని క్రోక్‌పార్క్‌లో 82,208 మంది హాజరయ్యారు. ఆనాటికి క్లబ్‌ స్థాయి రగ్బీలో అది ప్రపంచ రికార్డు. ఆ ఏడాది లెన్‌స్టర్‌ తొలిసారి యూరప్‌ విజేత అయింది. 2011, 2012, 2018లలో మళ్లీ గెలిచింది. ఆస్ట్రేలియాకు చెందిన రాకీ ఎల్సమ్‌ వంటి విదేశీయులు 2009 విజయంలో ప్రధాన పాత్ర పోషించినా జట్టు వెన్నెముక మాత్రం స్థానికులే.

అప్పుతో కట్టిన మేడలు

పక్కనే ఉన్న ఇంగ్లండ్‌ అనుభవం దీనికి భిన్నం. రెండుసార్లు యూరప్‌ విజేత అయిన వాస్ప్స్‌ క్లబ్బు 2014లో తన పాత అభిమానులకు దూరంగా కోవెంట్రీ నగరానికి తరలిపోయింది. అక్కడి స్టేడియాన్ని సొంతం చేసుకుని, మరుసటి ఏడాది బాండ్ల ద్వారా 3.5 కోట్ల పౌండ్లు సమీకరించింది. 2022లో వాటిని తీర్చలేక దివాలా ప్రక్రియలోకి జారింది. అదే ఏడాది వూస్టర్‌, 2023లో లండన్‌ ఐరిష్‌ కుప్పకూలాయి. లండన్‌ ఐరిష్‌ యువ విభాగానికి మంచి పేరే ఉండేది. కానీ యజమాని జేబు మీద ఆధారపడిన సంస్థను ఆ పేరు ఒక్కటే కాపాడలేకపోయింది. యువతను తీర్చిదిద్దడం ఎంత ముఖ్యమో, రాబడిని మించి ఖర్చు చేయకపోవడమూ అంతే ముఖ్యం.

అన్నీ అనుకూలాలు కావు

లెన్‌స్టర్‌ నమూనాకూ లోపాలున్నాయి. దాని పునాదిగా నిలిచిన పాఠశాలల్లో చాలావరకు ఫీజులు వసూలు చేసే ప్రైవేటు విద్యాలయాలే. సంపన్న కుటుంబాల పిల్లలకు దక్కినంత అవకాశం పేద పిల్లలకు దక్కడం లేదన్న విమర్శ ఉంది. అగ్రశ్రేణి ఆటగాళ్లలో కొందరి జీతాలను ఐర్లాండ్‌ రగ్బీ సంఘమే భరించడం మిగతా ప్రాంతాలకు కంటగింపైంది. ఇంత బలం ఉన్నా 2022, 2023, 2024లలో వరుసగా మూడు యూరప్‌ ఫైనళ్లు ఓడింది. పునాది గట్టిదైతే ఓటమి తర్వాత కూడా సంస్థ నిలబడుతుంది. 2025 జూన్‌లో క్రోక్‌పార్క్‌లో దక్షిణాఫ్రికాకు చెందిన బుల్స్‌ను 32-7తో ఓడించి యునైటెడ్‌ రగ్బీ చాంపియన్‌షిప్‌ గెలవడమే ఇందుకు నిదర్శనం.

పొరుగునే ఓ ఉదాహరణ

ఫీజుల బడులు లేకపోయినా పునాది వేయవచ్చని ఒడిశా నిరూపించింది. భువనేశ్వర్‌లోని కళింగ సామాజిక శాస్త్రాల సంస్థ గిరిజన బాలబాలికలకు ఉచిత విద్య, వసతి కల్పిస్తుంది. అక్కడి బాలురు 2007లో లండన్‌లో జరిగిన అండర్‌-14 అంతర్జాతీయ పాఠశాలల పోటీలో గెలిచారు. అక్కడే చదివిన సుమిత్రా నాయక్‌ 2019లో మనీలాలో సింగపూర్‌పై చివరి క్షణాల్లో సాధించిన పెనాల్టీతో భారత మహిళల జట్టు 21-19తో నెగ్గింది. 15 మంది ఆడే రగ్బీలో భారత మహిళలకు అదే తొలి అంతర్జాతీయ విజయం.

తెలుగు జిల్లాల్లో కబడ్డీ కూత వినిపించని ఊరు అరుదు. పట్టుబట్టి పడగొట్టే నేర్పు, దమ్ము, పరుగు ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. గురుకులాలు, జిల్లా పరిషత్‌ పాఠశాలల మైదానాలు ఉన్నాయి. హైదరాబాద్‌ పేరు ధరించిన జట్టు రేపు ఎన్ని కప్పులు గెలుస్తుందన్నది చిన్న ప్రశ్న. పదేళ్ల తర్వాత ఆ జట్టులో ఈ జిల్లాల పిల్లలు ఎందరుంటారన్నదే పెద్ద ప్రశ్న. దానికి సమాధానం వేలంపాటలో దొరకదు. బడి మైదానంలోనే దొరకాలి.