వేడి మీద మొరాయించే బోటు ఇంజను

పొద్దున్నే ఒక్క లాగుకే అందుకున్న ఇంజను. గంటసేపు నీళ్ల మీద ఎక్కడా తడబడకుండా నడిచింది. పావుగంట ఆపి మళ్లీ తాడు లాగితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. లాగి లాగి భుజాలు పడిపోయాక ఇక లాభం లేదని కూర్చుంటారు. ఇంకో గంటకు, పోయేదేముందిలే అని ఓసారి లాగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. పడవ వెనక తగిలించే పెట్రోలు ఇంజన్లు, అంటే అవుట్‌బోర్డ్ మోటార్లు వాడేవాళ్లకు బాగా తెలిసిన బాధ ఇది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు, ఎన్డీఆర్‌ఎఫ్ రబ్బరు పడవలు వీధుల్లో తిరగడం టీవీల్లో చూశాం. అలాంటి పడవల వెనక ఉండేవి ఈ మోటార్లే. ఒక ఇంటి ముందు ఆపాలి, మనుషుల్ని ఎక్కించుకోవాలి, మళ్లీ స్టార్ట్ చేయాలి. గంటల తరబడి ఒకే వేగంతో సముద్రం మీద పోవడం ఇంజనుకు పెద్ద పనేం కాదు. ఇలా ఆగి ఆగి నడవడమే దానికి అసలు పరీక్ష.

ఎందుకంటే, ఇంజను ఆపగానే చల్లారడం మొదలవుతుందనుకోవడం సగమే నిజం. నడిచినంతసేపూ పంపు కింది నుంచి నీళ్లు తోడి సిలిండర్ చుట్టూ తిప్పుతుంటుంది. ఆపగానే ఆ నీళ్లు ఆగిపోతాయి. లోహంలో నిలవున్న వేడి మాత్రం ఎక్కడికి పోతుంది? పక్కనున్న కార్బొరేటర్‌కూ పెట్రోలు పంపుకూ గొట్టాలకూ పాకుతుంది. పైన ప్లాస్టిక్ డొప్ప బిగించి ఉంటుంది. పొయ్యి కట్టేశాక కూడా మూత పెట్టిన గిన్నెలో అన్నం మగ్గుతూనే ఉంటుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. అందుకే ఆపిన వెంటనే లాగితే అందుకుంటుంది, బాగా చల్లారాక లాగినా అందుకుంటుంది. ఇబ్బందంతా ఈ రెంటికీ మధ్యనున్న కాసేపట్లోనే. మీ ఇంజను సరిగ్గా ఆ కాసేపే మొండికేస్తుంటే, రోగం పెట్రోలు దారిలో ఉందని ముందుగా అనుమానించవచ్చు.

పెట్రోలు ఒకే పదార్థం కాదు, వందలాది హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి 35, 40 డిగ్రీల సెల్సియస్‌కే మరగడం మొదలెడతాయి. మే నెలలో మన కోస్తాలో నీడలో ఉండే వేడే అంత. ఇక డొప్ప లోపలి సంగతి చెప్పేదేముంది! ఒక చెంచాడు తేలిక పెట్రోలు ఆవిరైతే సుమారు లీటరు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఆవిరి గొట్టంలో అడ్డంపడితే పంపు దాన్ని నెట్టలేదు, నలిపి వదులుతుందంతే. ఇంజనుకు చుక్క కూడా అందదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. మన పెట్రోలు ప్రమాణంలో ఆవిరయ్యే గుణానికి వేసవికో పరిమితి, మిగతా నెలలకో పరిమితి పెట్టింది ఇందుకే.

ఈ మధ్య ఏ తేడా వచ్చినా ఇథనాల్‌ను తిడుతున్నారు. దేశంలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే దొరుకుతోంది కాబట్టి ఆ కోపం అర్థమవుతుంది. ఇథనాల్ విడిగా మరిగేది 78 డిగ్రీల దగ్గర. పెట్రోల్లో కలిస్తే మాత్రం తేలిక భాగాలతో జతకట్టి అంతకంటె ముందే ఆవిరవుతుంది. కాకపోతే ఈ ప్రభావం పది శాతం లోపే ఎక్కువ, ఆపైన మెల్లగా తగ్గుతుంది. నా లెక్కలో బోటువాళ్లు ఇథనాల్ మీద పెట్టాల్సిన కేసు వేరే ఉంది: అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే నీరు అడుగుకు దిగి విడిపోతుంది. అలాంటి ఇంజను వేడికే కాదు, చలికీ మొరాయిస్తుంది.

అయితే వేడి వేపర్ లాక్‌కు పూర్తిగా ఎదురు పని కూడా చేయగలదు. కార్బొరేటర్ గిన్నెలో నిలిచిన పెట్రోలు మరిగి, జెట్ గుండా పొంగి, ఇంజను లోపలికి పడుతుంది. ఒక వంతు పెట్రోలు సరిగ్గా మండడానికి దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. ఇలా పొంగినప్పుడు గాలికి మించి పెట్రోలు చేరి, ప్లగ్గు తడిసి, నిప్పురవ్వ పుట్టినా అంటుకోదు. మొదటి దాంట్లో పెట్రోలు లేక చావు, రెండో దాంట్లో ఎక్కువై చావు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక్కడే చాలామంది చెయ్యి చోక్ మీదికి పోతుంది. చోక్ అంటే గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచడం. చల్లటి ఇంజనుకు అది అవసరం. వేడి ఇంజనుకు, అందులోనూ ఇప్పటికే పొంగిపోయినదానికి, అది మునిగినవాడి మీద ఇంకో బిందె గుమ్మరించడమే. ఎంత లాగితే అంత తడుస్తుంది.

ఏది అసలు సంగతో ప్లగ్గే చెబుతుంది. స్పానరుతో విప్పి అరచేతిలో పెట్టుకుని మొన చూడండి. నల్లగా నిగనిగలాడుతూ, పెట్రోలు వాసన గుప్పున కొట్టి, వేలికి తడి అంటితే పొంగిందన్నమాట. లేత గోధుమరంగులో ఎండిపోయి ఉంటే పెట్రోలు అందలేదు. తడిగా ఉంటే ప్లగ్గు తుడిచి బిగించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చోక్ ముట్టుకోకుండా యాక్సిలరేటర్ బాగా తెరిచి లాగండి. లోపలికి గాలి బాగా పోయి, ఎక్కువైన పెట్రోలు బయటపడుతుంది. అందుకోగానే యాక్సిలరేటర్ తగ్గించడం మరిచిపోకూడదు. పొడిగా ఉంటే ట్యాంకు గొట్టం మీదున్న రబ్బరు బుర్ర నొక్కండి. నాలుగైదు నొక్కులకు గట్టిపడితే ఆవిరి తొలగి పెట్రోలు కదిలిందన్నమాట. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా ట్యాంకు ఊపిరాడక చస్తోంది.

ఊపిరి మాట అలవాటుగా అన్నది కాదు. విడి ట్యాంకుల మూత మీద గాలి పోయే చిన్న మర ఉంటుంది. దాన్ని బిగించి నడిపితే పెట్రోలు బయటికి పోయేకొద్దీ లోపల ఖాళీ ఏర్పడి, చివరికి పంపు లాగలేకపోతుంది. అదే మర బిగించి, గొట్టం తగిలించే ఉంచి, పడవను ఎండలో వదిలేస్తే ట్యాంకు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి పెట్రోలు కార్బొరేటర్ సూదిని తోసుకుని ఇంజనులోకి పోతుంది. ఒక్క మర, రెండు వ్యతిరేక రోగాలు. నడిపేటప్పుడు తెరిచి ఉంచాలి, చాలాసేపు ఆపితే గొట్టం ఊడదీయాలి. కార్బొరేటర్ విప్పే ముందు ఇది చూసుకుంటే చాలా మెకానిక్ ఖర్చు తప్పుతుంది. ఇంకోమాట, పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. అది పడవ అడుగున పేరుకుంటుంది. ప్లగ్గు విప్పే చోట బీడీ వెలిగించేవాళ్లను దింపేశాకే పని మొదలెట్టాలి.

పెట్రోలు సరిగ్గా అందుతున్నా అంటుకోకపోతే కరెంటు వైపు చూడాలి. కాయిల్‌లోని రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకీ సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 30 నుంచి 90 డిగ్రీలకు పోతే దాదాపు నాలుగో వంతు పెరిగినట్టు. మంచి కాయిల్ దీన్ని తట్టుకుంటుంది. వెంట్రుకంత పగులున్న కాయిల్ తట్టుకోలేదు, వేడికి వ్యాకోచించి ఆ పగులు తెరుచుకుంటుంది, చల్లారితే మళ్లీ మూసుకుంటుంది. ఒడ్డుకు చేర్చి, ఆటోలో వేసి, షాపుకు తీసుకెళ్లేసరికి మీటరు అన్నీ బాగున్నాయంటుంది. మెకానిక్‌దీ తప్పు కాదు, యజమానిదీ అబద్ధం కాదు. మొరాయించిన ఆ క్షణంలో, ఆ చోటే, ప్లగ్గు దగ్గర రవ్వ నీలంగా గట్టిగా వస్తోందో లేదో టెస్టరు పెట్టి చూడటమొక్కటే దారి. మీట నొక్కి స్టార్ట్ చేసే పెద్ద మోటార్లయితే బ్యాటరీ కొసల దగ్గర పచ్చగా చిలుము పట్టిందేమో కూడా చూడాలి. ఉప్పుగాలికి అది మామూలే. తిప్పినప్పుడు తీగ కొస చేతికి వేడిగా తగిలితే దోషి అక్కడే ఉంది.

మన కోస్తాలో ఫైబర్ బోట్లకూ మరబోట్లకూ ఎక్కువగా ఉండేవి డీజిల్ ఇంజన్లు. వాటికి ప్లగ్గు రవ్వా లేదు, ఈ ఆవిరి గొడవా పెద్దగా లేదు. గాలిని నొక్కి 500 డిగ్రీలు దాటించి, అందులోకి డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. అంటే వేడిగా ఉన్న డీజిల్ ఇంజను ఇంకా తేలిగ్గా అందుకోవాలి. అది చల్లగా ఉన్నప్పుడు అందుకుని వేడి మీద మొరాయిస్తే, మొదట అనుమానించాల్సింది ఆ డీజిల్‌ను నొక్కి పంపే ఇంజెక్షన్ పంపును. పంపులోని ప్లంజర్‌కూ దాని గొట్టానికీ మధ్య సందు కొద్ది మైక్రాన్లే, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఏళ్ల వాడకంతో అరిగి ఆ సందు పెరుగుతుంది. చల్లటి డీజిల్ కాస్త చిక్కగా ఉండి సందును నింపుతుంది. 40 డిగ్రీల నుంచి 80కి పోయేసరికి డీజిల్ చిక్కదనం దాదాపు సగానికి పడిపోతుంది, నొక్కినదంతా సందులోంచి వెనక్కి జారుతుంది. పాత మేస్త్రీలు పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపాగి తిప్పి చూస్తారు. అందుకుంటే పంపు అరిగినట్టే. చల్లనీళ్లు గుమ్మరించడం మాత్రం పనికిరాదు, ఒక్కసారిగా ముడుచుకుని ప్లంజర్ పట్టేయవచ్చు.

ఈ మాట చెబితే యజమానులు ఓ పట్టాన నమ్మరు. నడుస్తున్నప్పుడు లాగుడు బానే ఉంది కదా, పంపు పాడైతే ఎలా నడుస్తోందంటారు. ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు దాటి తిరిగేటప్పుడు పంపు ఒక్కో నొక్కుకు పట్టే సమయం తక్కువ, డీజిల్‌కు జారిపోయే వ్యవధి ఉండదు. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజను తిరిగేది వంద, రెండొందల చుట్ల మీదే, అదే పంపు నెమ్మదిగా నొక్కుతుంది. జారిపోవడానికి కావలసినంత తీరిక దొరికేది అప్పుడే.